దోమతెర ఎవరి మంచానికి?

పొద్దుగూకిందంటే చాలు, తెనాలిలో తలుపులు ఒక్కొక్కటే టపటపా మూతపడతాయి. దొంగల భయం కాదు, దోమల భయం. బాపట్లలోనూ అంతే. రేపల్లె సంగతి ఇక చెప్పక్కర్లేదు. వాకిట్లో కుర్చీ వేసుకుని పక్కింటావిడతో నాలుగు మాటలు చెప్పుకోవాలన్నా కాళ్లు ఆడిస్తూ, కొంగుతో విసురుకుంటూ చెప్పుకోవాల్సిందే. "మా ఊరి దోమలు మనిషిని మంచంతో సహా ఎత్తుకెళ్తాయి" అని చుట్టాల దగ్గర గొప్పగా కూడా చెప్పుకుంటాం, అదేదో మా ఇంటి మాగాయి గురించి చెప్పుకున్నట్టు! కాలవలు, వరి మళ్లు, చేపల చెరువులు, రొయ్యల గుంటలు, గుర్రపుడెక్క పట్టిన మురుగు కాలవలు. కృష్ణ పడమటి డెల్టాలో పుట్టినవాళ్లకి నీళ్లు ఎంత దగ్గరి చుట్టమో దోమలూ అంత దగ్గరి చుట్టమే. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడి రేపల్లె అటు వెళ్లింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. దోమలకి మాత్రం ఆ సరిహద్దు సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఈ మధ్య ఈ మూడు ఊళ్లలో తెలిసినవాళ్ల ఇళ్లకి వెళ్లినప్పుడల్లా ఒకటే ప్రశ్న అడుగుతున్నాను. "మీ ఇంట్లో దోమతెరలు ఎన్ని? అందులో ఎవరు పడుకుంటారు?" దోమతెర లేని ఇల్లు తక్కువే. కానీ రెండో ప్రశ్నకి వచ్చిన జవాబులు విన్నాక ఈ వారం ఇంకే విషయం మీదా రాయబుద్ధి కాలేదు. "మా మామగారికి కట్టామండీ, పెద్దాయనకి నిద్ర పట్టదు" అంది తెనాలిలో ఒకావిడ. "పిల్లాడికి, ఇంటర్ పరీక్షలు గదా" అంది బాపట్లలో ఇంకొకావిడ. "ఆయన చెరువు కాపలాకి పోతాడమ్మా, తెర అక్కడికే తీసుకుపోతాడు" అని రేపల్లె వైపు ఒకామె. మూడు జవాబులూ న్యాయంగానే ఉన్నాయి, కాదనను. "మరి మీరో?" అంటే మాత్రం ముగ్గురూ ఒకేలా నవ్వారు. "నాకేం, ఎక్కడో ఫ్యాను కింద ఒరుగుతాను." ఒకామె అయితే, "నన్ను దోమలు కుట్టవండీ" అంది. ఆ మాట అంటూనే మోచెయ్యి గోక్కుంటోంది!

మనల్ని కుట్టవట. ఆడవాళ్లంటే దోమలకి కూడా అంత గౌరవం ఉందనుకోవాలి కాబోలు.

నిజానికి లెక్క తిరగేసి ఉంటుంది. మలేరియాని మోసే అనాఫిలిస్ దోమ పగటి దోమ కాదు. చీకటి పడ్డాక బయల్దేరి తెల్లవారేదాకా తిరుగుతుంది. ఆ వేళల్లో ఇంట్లో ఎవరు మెలకువగా ఉంటారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. అందరూ తిని పడుకున్నాక గిన్నెలు కడిగి, పాలు తోడేసి, వంటిల్లు తుడిచి, గ్యాసు కట్టేసి పక్క ఎక్కేది ఎవరు? ఇంకా చీకటి ఉండగానే లేచి, పెరట్లో కుళాయి దగ్గర నిలబడి, వాకిట్లో కళ్లాపి చల్లి ముగ్గేసేది ఎవరు? రాత్రి రెండు కొసలూ ఆడదాని చేతిలోనే ఉన్నాయి. తెర కింద గడిపే గంటలు ఇంట్లో అందరికంటే ఆమెకే తక్కువ. ఉన్న ఆ కాస్త నిద్ర కూడా తెర బయటే అంటే ఇంకేం చెప్పాలి!

గర్భిణి సంగతి ఇంకా విచిత్రం. 2000 సంవత్సరంలో ఆఫ్రికాలోని గాంబియాలో పరిశోధకులు గర్భిణుల్నీ, గర్భం లేని స్త్రీలనీ విడివిడి గుడిసెల్లో తెరల కింద పడుకోబెట్టి ఏ గుడిసెకి ఎన్ని దోమలు వస్తున్నాయో లెక్కపెట్టారు. గర్భిణుల వైపు వచ్చిన మలేరియా దోమలు దాదాపు రెట్టింపు. కారణం మంత్రమేమీ కాదు. కడుపుతో ఉన్న మనిషి ఎక్కువ గాలి వదులుతుంది, ఒళ్లు కాస్త వెచ్చగా ఉంటుంది. దోమ మనిషిని పసిగట్టేది ఆ ఊపిరినీ, ఆ వేడినీ పట్టుకునే. మన పెద్దవాళ్లు సీమంతానికి గాజులు పెడతారు, చలిమిడి పెడతారు, అన్నీ పెడతారు. అన్నిటికంటే ముందు ఆ పిల్ల మంచానికి తెర కట్టారా అని అడిగే అత్తగారు నాకు ఇంతవరకూ తారసపడలేదు. ఉంటే ఆవిడకి నా నమస్కారం.

ఇక అసలు కథలోకి వస్తాను. దోమ కుడితేనే మలేరియా వస్తుందన్న సంగతి తేలడానికి దారి తీసిన పని మన తెలుగునేల మీదే జరిగింది. సికింద్రాబాద్ కంటోన్మెంటులో పనిచేస్తున్న రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు బేగంపేటలోని చిన్న ఆసుపత్రిలో రెండేళ్లపాటు దోమల పొట్టలు కోసి సూక్ష్మదర్శినిలో చూస్తూ కూర్చున్నాడు. ఎంత చూసినా ఏమీ కనపడలేదు, ఎందుకంటే ఆయన కోస్తున్నవి మలేరియా మోసే రకం దోమలు కావు. 1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న కొత్తరకం దోమలు ఆయన చేతికి వచ్చాయి. మలేరియాతో ఉన్న హుసేన్ ఖాన్ అనే రోగిని మంచం మీద పడుకోబెట్టి, దోమతెర దించి, ఆ దోమల్ని తెర లోపలికి వదిలాడు. కుట్టించుకున్నందుకు దోమకి ఒక అణా చొప్పున హుసేన్ ఖాన్‌కి ముట్టింది. ఆగస్టు 20న ఆ దోమల్లో ఒకదాని పొట్టగోడలో రాస్‌కి మలేరియా పరాన్నజీవి కనిపించింది. అందుకే ఆ రోజుని ప్రపంచమంతా దోమల దినంగా జరుపుకుంటుంది. 1902లో రాస్‌కి నోబెల్ బహుమతి వచ్చింది. బేగంపేటలో ఆయన పేరుతో ఉన్న భవనం ఇప్పటికీ ఉంది. హుసేన్ ఖాన్ పేరు మీద మాత్రం ఒక వీధి కూడా ఉన్నట్టు నేను వినలేదు. అది వేరే సంగతి.

నాకు ఈ కథలో నచ్చేది తెర. మనం దోమని బయట ఉంచడానికి వాడే తెరని రాస్ దోమని లోపల ఉంచడానికి వాడాడు. అక్కడ బయటపడిన రహస్యం మీదే ఇవాళ్టి మందు తెర నిలబడి ఉంది. ఆ రహస్యం ఏమిటంటే, మలేరియా రోగిని కుట్టిన దోమ వెంటనే ఇంకొకరికి జబ్బు అంటించలేదు. తాగిన రక్తంతో పాటు లోపలికి వెళ్లిన పరాన్నజీవి దోమ ఒంట్లో పెరిగి, లాలాజల గ్రంథుల్లోకి చేరడానికి సుమారు పది నుంచి పధ్నాలుగు రోజులు పడుతుంది. అప్పటిదాకా దోమ బతికి ఉండాలి. దోమ బతుకే రెండు మూడు వారాలు, అదీ అదృష్టం బాగుంటే. అంటే మనకి మలేరియా తెచ్చేది ముసలి దోమ. అదీ ఆడదోమే, మగదోమ పూలతేనె తాగి బతుకుతుంది, మనిషి జోలికి రాదు. గుడ్లు పెట్టడానికి రక్తం కావాల్సింది తల్లికే కదా!

ఆ పది పన్నెండు రోజుల్లో ఆ తల్లి దోమ రెండు మూడు రోజులకోసారి రక్తానికి రావాలి. అంటే నాలుగైదు సార్లు మన ఇళ్లల్లోకి వచ్చి వెళ్లాలి. వచ్చిన ప్రతిసారీ మంచం చుట్టూ మందు పట్టిన తెర ఉందనుకోండి. రంధ్రం కోసం వెతుకుతూ తెర మీద వాలుతుంది, కాళ్లకి మందు అంటుకుంటుంది. వచ్చిన ప్రతిసారీ సగం దోమలు చస్తాయని మాటవరసకి అనుకుందాం. వంద దోమల్లో మొదటిసారికి యాభై, రెండోసారికి పాతిక, మూడోసారికి పన్నెండు, నాలుగోసారికి ఆరు మిగులుతాయి. ముసలితనం చూసే దోమలు ఆ ఆరే. దోమల సంఖ్య మనకి పెద్ద తగ్గినట్టు కనపడకపోవచ్చు, చెవి దగ్గర సంగీతం ఆగకపోవచ్చు. జబ్బు మోసే వయసు వచ్చేలోపే అవి రాలిపోతున్నాయి, అంతే.

మందు లేని తెరకీ మందు తెరకీ తేడా ఇక్కడే ఉంది. మామూలు తెర మంచిదే, లేనిదానికంటే నయమే. కానీ అది గోడ లాంటిది. మా ఇంట్లోకి రావద్దు, పక్కింటికి పో అంటుంది. దోమ నిజంగానే పక్కింటికి పోతుంది, తెర లేని పనిపిల్ల దగ్గరికో, అరుగు మీద పడుకున్న ముసలమ్మ దగ్గరికో. నిద్రలో మన మోకాలు తెరకి ఆనుకుంటే బయట నుంచే కుట్టేసి పోతుంది. మందు తెర అలా కాదు, తెర లేని పొరుగువాళ్లకీ కాపు కాస్తుంది. పడమటి కెన్యాలో చేసిన పెద్ద అధ్యయనంలో ఈ సంగతి తేలింది. మందు తెరలున్న ఇళ్లకి మూడు వందల మీటర్ల లోపు ఉన్న, తెరలు లేని ఇళ్ల పిల్లలు కూడా మలేరియా నుంచి బాగా తప్పించుకున్నారు. ఊళ్లో ఎక్కువమంది కడితే కట్టనివాళ్లకి కూడా లాభం! మన వీధుల్లో ఇలాంటి లాభం ఇంకేదైనా ఉందా? పక్కింటి వాళ్లు ఏసీ పెట్టుకుంటే మనకి వచ్చేది వేడిగాలే.

ఈ మందు ఎక్కడిదో తెలిస్తే ఆశ్చర్యపోతారు. మనం తల్లో పెట్టుకునే చామంతికి దగ్గరి చుట్టమైన ఒక తెల్లపువ్వు ఉంది. దాన్ని ఎండబెట్టి పొడి చేస్తే పురుగులు చస్తాయి. ఆ పువ్వులోని పదార్థాన్ని నమూనాగా పెట్టుకుని, ఎండకి చెడిపోకుండా నిలిచేలా ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్‌లో మైకేల్ ఎలియట్ బృందం 1973లో పెర్మెత్రిన్‌నీ, 1974లో డెల్టామెత్రిన్‌నీ తయారుచేసింది. పైరెత్రాయిడ్లు అని పిలిచేది వీటినే. మనిషి ఒంట్లో ఈ మందు త్వరగా విరిగిపోతుంది, దోమ తట్టుకోలేదు. 1980లలో ఆఫ్రికాలో తెరల్ని ఈ మందునీళ్లలో ముంచి చూశారు. 1991లో గాంబియా నుంచి వచ్చిన ఫలితం చూసి వైద్యలోకం ఉలిక్కిపడింది. మందు తెరలు వాడిన పల్లెల్లో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల మరణాలు 63 శాతం తగ్గాయి. తర్వాత మిగతా దేశాల్లో అంత రాలేదు, అన్నీ కలిపి చూస్తే పిల్లల మరణాలు సుమారు ఆరో వంతు, జ్వరాలు సగం తగ్గుతాయని తేలింది. ఆరో వంతు అంటే చిన్నదా? 2000 నుంచి 2015 దాకా ఆఫ్రికాలో తప్పిన మలేరియా కేసులు 66 కోట్ల పైచిలుకు అనీ, అందులో మూడింట రెండొంతుల ఘనత ఈ తెరలదేననీ 2015లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు లెక్కగట్టారు. ఇంజెక్షను కాదు, ఆపరేషను కాదు, నాలుగు తాళ్లతో కట్టే గుడ్డ!

ఇంతా చదివాక మీలో కొందరికి సందేహం వచ్చే ఉంటుంది. "మా తెనాలిలో మలేరియా ఎక్కడుందమ్మా? డెంగీ అంటే వింటున్నాం గానీ" అని. న్యాయమైన ప్రశ్న. మన డెల్టాలో మలేరియా మన్యంతో పోలిస్తే చాలా తక్కువ. రాష్ట్రంలో దాని అసలు కాపురం ఏజెన్సీ కొండల్లో, పాడేరు, అరకు, రంపచోడవరం వైపు. అక్కడ కొండవాగుల పక్కన, చెట్ల నీడన అనాఫిలిస్‌లో మహా మోతుబరి రకాలు పెరుగుతాయి. మన వరి మళ్లల్లో, పిల్లకాలవల్లో కూడా అనాఫిలిస్ పుడుతుంది, కాకపోతే అది మనిషి కంటే గొడ్డు రక్తాన్ని ఎక్కువగా ఇష్టపడుతుంది. ఒకరకంగా మన గేదెలు మనకి కాపలా కాస్తున్నాయి! పాకలోని గేదెలు ఒక్కొక్కటే అమ్ముడుపోతున్న ఈ రోజుల్లో ఆ కాపలా ఎన్నాళ్లుంటుందో మరి.

మలేరియా పోయిందనుకున్నాక తిరిగి రావడం మన దేశానికి కొత్త కాదు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఏడాదికి ఏడున్నర కోట్లమందికి మలేరియా వచ్చేదనీ, ఎనిమిది లక్షలమంది పోయేవారనీ అంచనా. 1953లో జాతీయ కార్యక్రమం మొదలై, డీడీటీ కొట్టగా కొట్టగా 1960ల మధ్యకి అది లక్ష కేసుల దరిదాపుల్లోకి దిగింది. ఇక గెలిచేశామనుకున్నారు. 1976కల్లా మళ్లీ 64 లక్షలు! ఆ రోజుల్లో ఇంటి గోడల మీద తెల్లటి మందు కొట్టి, తలుపు పక్కన తేదీ రాసి వెళ్లేవాళ్లు. వాళ్లు వీధి మలుపు తిరగ్గానే మనవాళ్లు గోడ అలికేసేవాళ్లు, పండగొస్తే సున్నం వేసేసేవాళ్లు. గోడకి మరక చూస్తూ ఊరుకోలేం కదా! ఆ మాట చెప్పి ఆడవాళ్లని తప్పుపట్టిన వ్యాసాలు నేను చదివాను. ఆ గోడ మీద మందు ఎందుకు ఉండాలో ఆమెకి కూర్చోబెట్టి చెప్పినవాళ్లు ఎవరన్నా ఉన్నారా అని మాత్రం అవి అడగవు. 2023లో దేశంలో నమోదైన కేసులు రెండు లక్షల పైచిలుకు. మళ్లీ దిగువకి వచ్చాం. 2030కల్లా పూర్తిగా లేకుండా చెయ్యాలని లక్ష్యం. పక్కనున్న శ్రీలంక ఆ పని 2016లోనే చేసి చూపించింది.

అదీగాక మనవాళ్లు ఇక్కడే ఉంటున్నారా? తెనాలి పిల్ల నర్సు ఉద్యోగం వచ్చి ఏజెన్సీలో చేరుతుంది, బాపట్ల అబ్బాయి టీచరుగా కొండమీదికి వెళతాడు, పండక్కి ఇంటికొస్తారు. వైవాక్స్ రకం మలేరియా లివరులో నక్కి నెలల తర్వాత మళ్లీ లేస్తుంది. సంక్రాంతికి వచ్చిన పిల్లకి చలిజ్వరం వస్తే "వైరల్" అనుకుని మాత్ర వేసి ఊరుకోకండి, రక్తపరీక్ష చేయించండి. మందు రాస్తే పధ్నాలుగు రోజులంటే పధ్నాలుగు రోజులూ మింగించండి. గర్భిణికీ, పాలిచ్చే తల్లికీ ఆ మందుల్లో ఇవ్వకూడనివి ఉన్నాయి, అందుకని పక్కింటి వాళ్లకి రాసిన చీటీ మనకి పనికిరాదు.

తెర మలేరియాకే కాదు. బోదకాలు తెచ్చే క్యూలెక్స్ దోమ కూడా రాత్రిపూటే కుడుతుంది, మురుగులో పుడుతుంది, మురుక్కి మన ఊళ్లలో కొదవా? కోస్తా జిల్లాల్లో ఆ కాలితో, ఆ బరువుతో, ఆ సిగ్గుతో బతుకంతా ఈడ్చిన ఆడవాళ్లని మనం చూడలేదా? పెళ్లి చూపుల్లో చీర కుచ్చిళ్లు కాస్త కిందికి దించమన్న తల్లుల్ని ఎరగమా? క్యూలెక్స్‌ని ఈ మందు అంత తేలిగ్గా చంపలేదు గానీ, బాగున్న తెర దాన్ని మన ఒంటికి దూరంగా ఉంచుతుంది. డెంగీ దోమ మాత్రం పగటి దొంగ. దానికి తెర కంటే నీళ్ల డ్రమ్ము మీద మూతే ముఖ్యం. పగలు ఉయ్యాల్లో నిద్రపోయే పసిపిల్లలకి మాత్రం అప్పుడూ తెర కావాలి.

గుంటూరు వైపు వాళ్లం కనక ఒక మాట చెప్పకుండా ఉండలేను. పైరెత్రాయిడ్ అన్న పేరు మన రైతు కుటుంబాలకి కొత్త కాదు. 1980లలో పత్తి చేలల్లో కుమ్మరించింది ఈ కుటుంబం మందులనే. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో శనగపచ్చ పురుగు ఆ మందులకి లొంగడం మానేసింది. కొట్టిన కొద్దీ పురుగు పెరిగింది, అప్పు పెరిగింది. ఆ ఏడూ మరుసటేడూ పత్తి రైతుల ఇళ్లలో ఎన్ని బొట్లు చెరిగిపోయాయో ఈ జిల్లాల ఆడవాళ్లకి వేరే చెప్పాలా? పురుగు నేర్చిన పాఠం దోమ కూడా నేరుస్తుంది. ఇప్పుడు ప్రపంచంలో చాలాచోట్ల దోమలు పైరెత్రాయిడ్లకి మొండికేశాయి. అందుకే రెండు రకాల మందులు కలిపిన తెరలు వచ్చాయి, 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్లోర్‌ఫెనపైర్ కలిపిన తెరల్ని గట్టిగా సిఫార్సు చేసింది. దయచేసి ఒక్క పని మాత్రం చెయ్యకండి. ఇంట్లో చేనుకి కొట్టే మందు మిగిలిందని తెరని అందులో ముంచకండి. ఆ సీసాలో ఏముందో, ఎంత గాఢతో, ఊపిరికి ఏమవుతుందో మనకి తెలీదు. తెరకి వాడే మందు వేరు, మోతాదు వేరు.

అంగట్లో "దోమతెర" అని అడిగితే దొరికేవి దాదాపు అన్నీ మందు లేనివే. ప్రభుత్వం ఏజెన్సీ పల్లెల్లో పంచేవి, మందు దారంలోనే కలిపినవి లేదా దారానికి పట్టించినవి, ఇరవై ఉతుకుల దాకా, సుమారు మూడేళ్లు పనిచేస్తాయి. కొనేటప్పుడు అట్ట మీద "లాంగ్ లాస్టింగ్" అన్న మాటా, మందు పేరూ ఉన్నాయేమో చదవండి. మామూలు తెర అయితే చదరపు అంగుళానికి 156 కన్నులున్నది తీసుకోండి. "గాలి ఆడదు, ఉడికిపోతాం" అని అందరూ చెప్పే ఫిర్యాదు అబద్ధం కాదు. మే నెలలో బాపట్ల ఉక్కలో, కరెంటు పోయిన రాత్రి తెరలో పడుకోమంటే నాకూ ప్రాణం మీదికొస్తుంది. మందు తెరల్లో కన్నులు పెద్దవిగా ఉన్న రకాలు ఉన్నాయి, దోమని ఆపే పని మందు చూసుకుంటుంది కనక అవి కాస్త గాలిని రానిస్తాయి.

ఉతకడం దగ్గర మన వాళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఉంది. మందు తెరని బండకేసి బాదకూడదు, బ్లీచింగు వెయ్యకూడదు, మామూలు సబ్బుతో నెమ్మదిగా పిండి నీడలో ఆరెయ్యాలి, ఎండకి మందు పోతుంది. అన్నిటికంటే ముఖ్యం, కాలవలోనో చెరువులోనో జాడించకూడదు. మనిషిని ఏమీ చెయ్యని ఈ మందు చేపకీ రొయ్యకీ విషం. రేపల్లె, నిజాంపట్నం వైపు ఊళ్లలో ఎన్ని ఇళ్ల పొయ్యి రొయ్య మీద వెలుగుతోందో నేను చెప్పాలా? బకెట్లో ఉతికి, ఆ నీళ్లు కాలవకీ బావికీ దూరంగా నేల మీద పొయ్యండి. చిరిగిన తెరని చేపల వలగా వాడటం కూడా ఇందుకే వద్దనేది.

కాయిల్ గురించి కూడా అడుగుతారని తెలుసు. తెర కడితే పని, కాయిల్ అయితే అగ్గిపుల్ల గీస్తే చాలు! 2003లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళికి సమానం. మూసిన గదిలో, పసివాడి మంచం కింద. ఇంట్లో మగవాళ్లు ఒక్క సిగరెట్ వెలిగిస్తే బయటికి పొమ్మనే మనం, రాత్రంతా దీన్ని ఎలా భరిస్తున్నామో.

మళ్లీ తెర ఎవరిదన్న దగ్గరికే వస్తాను, ఎందుకంటే తెరలు ఉన్నంత మాత్రాన సరిపోదు, ఇంట్లో వాటి పంపకం ఎలా జరుగుతోందన్నదే నా గొడవ. కడుపుతో ఉన్నప్పుడు మలేరియా వస్తే తల్లి రక్తం విరుగుతుంది, మాయలో పరాన్నజీవులు పేరుకుంటాయి, బిడ్డ బరువు తక్కువగా పుడుతుంది, ఒక్కోసారి కడుపు నిలవదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లు రక్తహీనులని తేలింది. అసలే లేని రక్తంలో ఇంకా పంచుకోవడానికి ఏముంది? 2017లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన కేసీఆర్ కిట్‌లో బిడ్డకి దోమతెర పెట్టారు. మంచి ఆలోచన. మన ఇళ్లల్లో కూడా పసివాడికి గొడుగు తెర కొనని వాళ్లు లేరు. అయితే ఆ గొడుగు తెర కింద బిడ్డ ఉంటాడు, బాలింత పక్కన బయట ఉంటుంది. రాత్రి నాలుగుసార్లు తెర ఎత్తి పాలిచ్చేదీ ఆవిడే. తల్లీబిడ్డా ఇద్దరూ పట్టే తెర, అదీ మందు తెర, ఏడో నెలలోనే ఇంటికి ఇస్తే ఎంత ఖర్చవుతుంది? గర్భిణి పేరు అంగన్‌వాడీలో రాసుకున్న రోజే ఆమె పేర ఒక తెర రాసుకోవడానికి ఏజెన్సీయే కానక్కర్లేదు. ఆశా కార్యకర్తలు ఇంటికొచ్చినప్పుడు బరువు అడుగుతారు, ఇంజెక్షను అడుగుతారు. "రాత్రి ఏ మంచం మీద పడుకుంటున్నావమ్మా?" అని కూడా అడిగితే బాగుండును.

రేపల్లె దగ్గర ఒక ఊళ్లో డ్వాక్రా సంఘం ఆడవాళ్లు ఈ మాట విని ఊరికే తల ఊపి పంపెయ్యలేదు. నెల పొదుపు కట్టేటప్పుడు కాస్త కాస్త వేరేగా తీసి, నెలకి ఇద్దరికి చొప్పున పెద్దమంచం తెరలు కొంటామన్నారు, చీటీపాటలా. మొదటి తెర ఎవరికన్న దగ్గర వాదన జరిగింది. సంఘంలో చిన్న వయసుది, ఆరో నెల, పేరు చదివారు. "మా ఆయన ఊరుకోడు, ముందు మా అత్తకి కట్టమంటాడు" అంది ఆ పిల్ల. "అత్తని కూడా ఆ మంచం మీదే పడుకోబెట్టుకో, ఆయన్ని చెరువు దగ్గరికి పొమ్మను" అని లీడరమ్మ పుస్తకంలో పేరు రాసేసింది. రెండో పేరు వచ్చే నెల తీస్తారు.